డౌన్‌లోడ్స్ ఫోల్డరులో ఊరంతా

అమ్మడూ,

పిడుగురాళ్ల బస్టాండు పక్కన నెట్ సెంటరు తెరిచావని మీ నాన్న చెప్పాడు. సంతోషం. ఇంటర్నెట్లో జాగ్రత్తల గురించి పేపర్లలో వచ్చే సలహాలన్నీ సొంత ఫోను, సొంత కంప్యూటరు ఉన్నవాళ్ల కోసం రాసినవి. పల్నాటిలో చాలామంది ఆన్‌లైన్ పనులు జరిగేది నీలాంటి వాళ్ల కౌంటరు మీదుగా. సున్నం బట్టీలో పనిచేసేవాడి పాన్ కార్డు, మిర్చి రైతు పాసుపుస్తకం, డిగ్రీ పిల్ల హాల్ టికెట్టు అన్నీ ఆ ఒక్క మెషీను మీదే తెరుచుకుంటాయి. నీ పాస్‌వర్డు సంగతి నీకు తెలుసు. ఈ ఉత్తరం వాళ్ల కాగితాల గురించి.

2018లో పెద్దపల్లి జిల్లా ధర్మారంలో సిమ్ కార్డులు అమ్ముకునే ఒక కుర్రాడు పోలీసులకు దొరికాడు. అతను చేసిన పనికి పెద్ద చదువేమీ అక్కర్లేదు. తెలంగాణ రిజిస్ట్రేషన్ల శాఖ వెబ్‌సైట్లో భూమి దస్తావేజులు ఎవరికైనా కనిపించేవి. వాటి మీద అమ్మినవాడి వేలిముద్ర, ఆధార్ నంబరు పక్కపక్కనే ఉండేవి. ఆ ముద్రను ప్రింటు తీసి, రబ్బరు స్టాంపులు చేసే పద్ధతిలో నకిలీ వేలు తయారుచేశాడు. దాన్ని మెషీను మీద నొక్కి, అసలు మనుషులకు తెలియకుండానే వాళ్ల పేర్ల మీద వేల సిమ్‌లు యాక్టివేట్ చేశాడు. ఇదంతా అమ్మకాల టార్గెట్ కోసమట!

అదే ఉపాయం తర్వాత డబ్బు మీదికి మళ్లింది. మన ఆంధ్ర రిజిస్ట్రేషన్ల సైటులోని దస్తావేజుల నుంచి వేలిముద్రలు తీసి ఖాతాలు ఖాళీ చేసిన ముఠాను 2022లో సైబరాబాద్ పోలీసులు పట్టుకున్నారు. ఆధార్‌తో డబ్బు తీసే మెషీను సంగతి నీకు చెప్పనక్కర్లేదు. బ్యాంకు పేరు, ఆధార్ నంబరు, వేలు ఉంటే చాలు. ఓటీపీ రాదు, పిన్ అడగదు. ‘ఓటీపీ ఎవరికీ చెప్పొద్దు’ అని ఎంత నేర్పినా, ఓటీపీయే లేనిచోట ఆ పాఠం పనికిరాదు. పైగా పాస్‌వర్డు పోతే మార్చుకోవచ్చు, వేలిని ఎక్కడ మార్చుకుంటారు? నొక్కింది బతికున్న వేలా, బొమ్మా అని చూసే కొత్త తనిఖీని ఆధార్ సంస్థ 2023 ఫిబ్రవరిలో పెట్టింది. మంచిదే, కానీ దాన్నే నమ్ముకుని కూర్చోలేం.

వివరాలు బయటపడాలంటే దొంగే రానక్కర్లేదు. 2018 ఏప్రిల్‌లో మన రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ సైటులో 1.34 లక్షల మంది ఆధార్ నంబర్లు బ్యాంకు ఖాతా, కులం, మతంతో సహా తెరిచిన పుస్తకంలా ఉన్నాయని హైదరాబాద్ పరిశోధకుడు కొడాలి శ్రీనివాస్ బయటపెట్టారు. ఆ నెలలోనే మరో ప్రభుత్వ సైటులో 89 లక్షల మంది ఉపాధి హామీ కూలీల నంబర్లు కనిపించాయి. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు 2017 ఆగస్టు 24న చెప్పి అప్పటికి ఏడాదైనా కాలేదు. సర్కారు సైట్లే అలా ఉంటే నెట్ సెంటరును ఎవరడుగుతారని అనుకోకు. ముందు నీ డౌన్‌లోడ్స్ ఫోల్డరు తెరిచి చూడు.

అందులో ఎన్ని ఆధార్ పీడీఎఫ్‌లు ఉన్నాయో నువ్వే లెక్కపెట్టుకో. నెట్ సెంటర్లలో ఈ-ఆధార్ దించుకోవద్దని, తప్పనిసరైతే పని కాగానే ఆ ఫైళ్లు చెరిపేయాలని ఆధార్ సంస్థ బెంగళూరు కార్యాలయం 2022 మే 27న ఒక ప్రకటన ఇచ్చింది. జనం అపార్థం చేసుకుంటారని రెండు రోజుల్లోనే దాన్ని వెనక్కి తీసుకున్నారు. ప్రకటన పోయినా, అందులో చెరిపేయమన్న మాట మాత్రం సబబైనదే. ఆ ఫైలుకు పాస్‌వర్డు ఉందిగా అంటావేమో. పేరులో మొదటి నాలుగు అక్షరాలు, పుట్టిన సంవత్సరం. అది తెలియనివాళ్లు ఎవరు? అందుకని ప్రింటు ఇచ్చిన వెంటనే ఫైలు తీసేయి, రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చెయ్యి. షాపు వాట్సాప్‌కు వచ్చిన ఫోటోలూ అంతే. అచ్చు సరిగా పడని జిరాక్సును చెత్తబుట్టలో వెయ్యకు, ముక్కలుగా చింపు. చివరి నాలుగంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ సరిపోయేచోట అదే ఇవ్వు.

నకిలీ వేలితో డబ్బు పోకుండా ఉండటానికి ఆధార్ బయోమెట్రిక్ లాక్ చెయ్యడం అన్నింటికన్నా గట్టి పని. ఆధార్ సంస్థ యాప్‌లోనే చెయ్యొచ్చు. అయితే లాక్ చేశాక రేషన్ డిపోలో కూడా ఆ వేలు పనిచెయ్యదు. కాసేపు లాక్ తీసే పద్ధతి నేర్పకుండా ఏ ముసలమ్మకూ లాక్ పెట్టకు, ఆవిడ బియ్యం లేకుండా తిరిగి వస్తుంది. ఎవరి పేరు మీద ఎన్ని సిమ్‌లు ఉన్నాయో ‘సంచార్ సాథీ’ పోర్టల్లో తెలుస్తుంది. ధర్మారం కథ చెప్పి ఒక్కొక్కరికీ అది చూపించు.

మద్దతు ధరకు పత్తి అమ్మాలంటే 2025 నుంచి ‘కపాస్ కిసాన్’ యాప్‌లో నమోదు కావాలి కాబట్టి రైతులు ఫోన్లు పట్టుకుని నీ దగ్గరికి వస్తారు. యాప్‌ను ప్లే స్టోర్ నుంచే దించు. ‘పీఎం కిసాన్’ పేరుతో వాట్సాప్‌లో తిరిగే ఏపీకే ఫైళ్లు ఫోనులోకి దిగాయంటే మెసేజీలు, ఓటీపీలు దొంగల చేతికి వెళతాయి. డబ్బు పోయిందని ఎవరైనా ఏడుస్తూ వస్తే ముందు 1930కి ఫోను చేయించు. ఎంత త్వరగా చెబితే ఆ డబ్బును దారిలో ఆపే వీలు అంత ఎక్కువ. ఫిర్యాదు కాగితం ఆ తర్వాత రాసుకోవచ్చు.

ఇంకొక్క మాట. ఫోను లేని వాళ్ల దరఖాస్తులో షాపు నంబరు వేసేయడం చాలాచోట్ల చూస్తున్నాం. పని తొందరగా అవుతుంది, నిజమే. కానీ నంబరు మార్చేదాకా ఆ దరఖాస్తు ఓటీపీలన్నీ మీ షాపుకే వస్తాయి. కొడుకుదో, కోడలిదో నంబరు తెమ్మను, రేపు రమ్మను. ఒకసారి తిట్టుకుంటారు, ఫర్వాలేదు.

మీ పెదనాన్న