నిందలు మోసే గడ్డిబొమ్మ



చదువులకో, ఉద్యోగాలకో జర్మనీ వెళ్ళిన మన బిడ్డలు తపస్సుకాలానికి కొద్దిరోజుల ముందు వింత వేషాలతో దిగిన ఫోటోలు ఇంటికి పంపుతుంటారు. పవిత్ర దినాల ముంగిట ఈ ఆటపాటలేమిటని తల్లిదండ్రులు కలవరపడుతుంటారు. ఈ వారం ఆ సంగతి తెలుసుకుందాం.

ఆ పండుగ పేరు కార్నివాల్. 'మాంసాన్ని తీసివేయడం' అనే అర్థంగల లతీను మాటల నుండి ఈ పేరు పుట్టిందని పలువురు పండితుల అభిప్రాయం. పూర్వం విశ్వాసులు తపస్సుకాలమంతా మాంసమే కాదు, గుడ్లు, పాలు, వెన్న కూడా విసర్జించేవారు. అందుచేత ఇంట్లో ఉన్నవాటిని ముందే వండుకుని ఇరుగుపొరుగుతో కలిసి భుజించేవారు. అంటే ఉపవాసం ఉన్నది గనుకనే ఈ పండుగ పుట్టింది.

కొలోన్ నగరంలో ఈ వేడుక మిక్కిలి ప్రసిద్ధం. విభూది బుధవారానికి ముందు గురువారం స్త్రీలదే రాజ్యం. ఎదురైన మగవారి మెడలోని టైలను నవ్వుతూ కత్తిరిస్తారు. సోమవారం జరిగే మహా ఊరేగింపు 1823లో ఆరంభమైంది. బండ్లపై నుండి మిఠాయిలు విసురుతుంటే పిల్లలు సంచులు నింపుకుంటారు. 2022లో సరిగ్గా ఆ గురువారమే, ఫిబ్రవరి 24న, రష్యా సేనలు ఉక్రెయిన్‌పై దండెత్తాయి. ఆ సోమవారం ఊరేగింపు మానివేసి, లక్షలాదిమంది శాంతికోసం వీధుల్లో నడిచారు. పండుగ వారి హృదయాలను మొద్దుబార్చలేదు.

మంగళవారం రాత్రితో వేడుక ముగుస్తుంది. పానశాలల ముందు వేలాడదీసిన 'నుబ్బెల్' అనే గడ్డిబొమ్మను కిందికి దించుతారు. "ఎక్కువ తాగించినదెవరు? డబ్బంతా ఖర్చు చేయించినదెవరు?" అని ఒకరు అడిగితే, "నుబ్బెలే!" అని జనమంతా కేకలు వేస్తారు. ఆపైన బొమ్మను తగులబెడతారు. తెల్లవారితే విభూది బుధవారం. దేవాలయంలో గురువు నుదుట విభూది సిలువ గుర్తు వేస్తారు.

ప్రియ కుటుంబీకులారా, ఈ రెండు బూడిదల తేడా గమనించండి. మొదటిది "తప్పు వాడిదే" అంటుంది. రెండవది "తప్పు నాదే" అంటుంది. వారి గడ్డిబొమ్మ ఏడాదికొక రాత్రి ఆడే ఆట మాత్రమే. మన ఇళ్ళలో మాత్రం సంవత్సరమంతా ఎవరో ఒకరు నుబ్బెల్ కావలసిందే! తాగుడుకు స్నేహితులు కారణం, గొడవకు కోడలు కారణం, అప్పుకు విధి కారణం. ఇతరులమీద నింద వేసినంతకాలం మన పాపం మనలోనే ఉంటుంది. దానిని పాపసంకీర్తనంలో దేవుని ముందు ఒప్పుకున్నప్పుడే క్షమాపణ లభిస్తుంది.

కనుక దూరాన ఉన్న మీ బిడ్డలను వేషం చూసి గద్దించకండి. మితిమీరవద్దని ప్రేమతో చెప్పండి. "బుధవారం విభూది తీసుకున్నావా? పాపసంకీర్తనం చేశావా?" అని అడగండి. అయితే అడిగే ముందు మనం చేశామా అని ఆలోచించుకుందాం.

ఈ వారం కుటుంబ ప్రార్థనలో ధ్యానించండి: మన ఇంట్లో అందరి తప్పులూ మోస్తున్నది ఎవరు? ఆ వ్యక్తిని ఈ రోజే క్షమాపణ అడుగుదామా?