సిరా గీతయు, విడిచిన తెలుపును

ధ్యాన భాగము: యిర్మీయా 36, యోహాను 1:5



బారూకు ప్రవక్త మాటలను సిరాతో వ్రాసెను. రాజైన యెహోయాకీము ఆ గ్రంథమును చాకుతో కోసి కుంపటిలో వేసెను. దేవుడు మరల వ్రాయించెను. సిరా గీత బలహీనమైనదే, నిలుపువాడు బలవంతుడు.

ప్రార్థించు చేతుల చిత్రము మన ఇండ్ల గోడలమీద చూచుచున్నాము గదా. జర్మను చిత్రకారుడు ఆల్బ్రెఖ్ట్ డ్యూరర్ 1508లో నీలి కాగితముమీద కుంచెతో దానిని గీసెను. ఫ్రాంక్‌ఫర్టు దేవాలయపు పెద్ద చిత్రమునకు అది నమూనా మాత్రమే. ఆ చిత్రపు ముఖ్యభాగము 1729లో మ్యూనిక్‌లో కాలిపోయెను. పలుచని కాగితము నేటికిని వియన్నాలో నున్నది. గనిలో కష్టపడిన సోదరుని చేతులివి యను కథకు ఆధారము లేదు. కథ లేకున్నను ఆ చేతులు మనలను ప్రార్థనకు పిలుచుచునే యున్నవి.

పాళీతో వెలుగును గీయలేము. గీతలు దగ్గరగా వేసినచోట చీకటి, ఎడముగా వేసినచోట మసక, విడిచినచోట వెలుగు.

ఒక క్రిస్మసుకు సండేస్కూలు పిల్లలకొరకు పశువులతొట్టి బొమ్మ గీయుచు, శిశువు ముఖము అందముగా నుండవలెనని గీతమీద గీత పెట్టితిమి. ముఖము నల్లబడెను. బ్లేడుతో గీకగా కాగితము చిరిగెను. పత్తి తీసి ఇంటికి పోవుచున్న ఒక తల్లి చూచి, "అయ్యగారూ, ముకం వదిలేసి చుట్టూ నలుపు పెట్టండి" అనెను. ఆమెకు అక్షరము రాదు. ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. ప్రసంగములలోను మేము చేయుచున్నది అదియే: మాటమీద మాట పెట్టి క్రీస్తు ముఖమును కప్పుచుంటిమి.

లూథరను పాదిరియు చిత్రకారుడునైన పులిదిండి సాల్మన్ రాజుగారు (1921–2019) చెక్క అచ్చులతో నలుపు తెలుపు చిత్రములు వేసిరి. అందులో పద్ధతి వేరు: చెక్కి తీసివేసినచోట వెలుగు, మిగిలిన చెక్కకు సిరా. క్రీస్తును మన దేశపు బీదల నడుమ చూపిరి. దేవదాసు అయ్యగారు 1938లో ఆరంభించిన బైబిలు మిషనును గూర్చి పరిశోధన చేసినవారును వీరే.

పాళీయైనను ఉలియైనను పాఠమొక్కటే. వెలుగు మనము చేయునది కాదు, చోటు విడువవలసినది.

ఈ నెల మన కుటుంబ ప్రార్థనలో కొన్ని నిమిషములు మాటలు మాని మౌనముగా కూర్చుందము. ప్రభువు తన ముఖకాంతిని మనమీద ప్రకాశింపజేయును గాక. ఆమేన్.