ఉపన్యాసం తీసెయ్యమ్మా

చిరంజీవి మేనకోడలికి,

కట్నం మీద వీధి నాటకం వేస్తున్నామనీ, చివర్లో కథానాయిక పది నిమిషాలు మాట్లాడుతుందనీ రాశావు. ఆ ఉపన్యాసం తీసెయ్యమ్మా. కట్నం నేరమని 1961లోనే చట్టం వచ్చింది. అది తప్పని తెలియనివాళ్ళు మీ ఊళ్ళో ఉండరు. తెలిసీ ఎందుకు ఇస్తున్నారో, ఎలా అడుగుతున్నారో రంగం మీద కనబడాలి.

కాళ్లకూరి నారాయణరావు ‘వరవిక్రయం’ మళ్ళీ చదువు. అందులో కట్నపు పెళ్ళి ఒప్పుకోలేక పెద్దమ్మాయి కాళింది ప్రాణం తీసుకుంటుంది. నాటకం అక్కడే ముగిసుంటే జనం కంటతడి పెట్టుకుని ఇళ్ళకు పోయేవారు. కాళ్లకూరి అక్కడ ఆగలేదు. చెల్లెలు కమల అదే వరుణ్ణి పెళ్ళాడి, సొమ్మిచ్చి కొనుక్కున్నాం గనక అతనే మా ఇంట ఉండాలంటుంది. బేరం పెట్టినవాళ్ళ న్యాయాన్ని వాళ్ళకే అప్పజెప్పడం! అసలైన నాటక శిల్పం అది.

సెట్టింగులు లేవని బెంగపడకు. ఢిల్లీలో సఫ్దర్ హాష్మీ బృందం జన నాట్య మంచ్ 1978లో ‘మెషీన్’ వేసింది. సైకిళ్ళు పెట్టుకునే చోటు, టీ తాగే చోటు అడిగిన కార్మికులపై జరిగిన కాల్పులు దానికి ప్రేరణ. నటుల ఒళ్ళే యంత్రం, వాళ్ళ గొంతులే దాని చప్పుడు. ఆ యంత్రం హఠాత్తుగా ఆగిపోతుంది. ఎందుకాగిందన్న ప్రశ్నతో కథ నడుస్తుంది. మొత్తం పదమూడు నిమిషాలు!

మన బుర్రకథ ఉండనే ఉంది. 1943లో పుట్టిన ప్రజానాట్యమండలి దాన్ని ఊరూరా తిప్పింది. బుర్రకథకుడు నాజర్ దానికి కొత్త ఊపిరి పోశాడు. కథకుడికి ఒకపక్క హాస్యం, ఇంకోపక్క రాజకీయం అనే వంతలు ఉంటారు. ఒకరు నవ్విస్తారు, మరొకరు కథను నేటి సంగతులతో ముడిపెడతారు. మీ పెళ్ళిచూపుల రంగంలో అలాంటి వంతలిద్దరిని నిలబెట్టు. మగపెళ్ళివారు ‘మాకేం వద్దు, మీ అమ్మాయికే పెట్టుకోండి’ అనగానే హాస్యం వాళ్ళు కోరేవాటి జాబితా చదవాలి, రాజకీయం ఒక్కొక్కదాని ధర అడగాలి.

ఇక ముగింపు. బ్రెజిల్ నాటక కర్త అగస్టో బోల్ రూపొందించిన ఫోరం థియేటర్‌లో బాధితురాలు ఓడిపోయేదాకా ఆడి, మళ్ళీ మొదలుపెడతారు. ఈసారి ప్రేక్షకులు ‘ఆపండి’ అని లేచి, ఆమె స్థానంలోకి వచ్చి తమ దారి తాము నటించి చూపాలి. కట్నం అడిగేవాళ్ళ పాత్రధారులు మాత్రం తేలిగ్గా లొంగకూడదు. బెంగాల్ పల్లెల్లో జన సంస్కృతి బృందం ఈ పద్ధతిలోనే దశాబ్దాలుగా ఆడుతోంది.

మీరూ అలాగే ముగించండి. అందుకే ప్రదర్శన కాగానే శాలువాలు, సన్మానాలు పెట్టకు. ఆ సమయమంతా ఊరి ఆడపిల్లలకు, వాళ్ళ తల్లిదండ్రులకు వదిలిపెట్టు.

మీ మావయ్య