108 అంబులెన్సులో ఈఎంటీ కావాలంటే: చేవెళ్ల, మొయినాబాద్ యువతకు

2025 నవంబర్ 3 పొద్దున చేవెళ్ల మండలం మీర్జాగూడ దగ్గర కంకర టిప్పర్, ఆర్టీసీ బస్సు గుద్దుకుని 19 మంది చనిపోయారు. కంకర మీద పడి ప్రయాణికులు అందులో కూరుకుపోయారు. అలాంటి చోటికి అంబులెన్సులో వచ్చి ముందు చెయ్యి వేసే మనిషే ఈఎంటీ, అంటే ఎమర్జెన్సీ మెడికల్ టెక్నీషియన్. బండి నడిపేది పైలట్, వెనక రోగి పక్కన ఉండేది ఈఎంటీ.

శిక్షణలో ఏం నేర్పుతారు?

మొదటిది శ్వాస. నోట్లో అడ్డుపడ్డది తీయడం, ఆక్సిజన్ పెట్టడం. గుండె ఆగితే ఛాతీ మీద నిమిషానికి 100 నుంచి 120 సార్లు, పెద్దవాళ్లకైతే కనీసం 5 సెంటీమీటర్లు దిగేలా నొక్కాలి. 30 నొక్కులకు 2 శ్వాసలు. బొమ్మ మీద సాధన చేయిస్తారు. రెండు నిమిషాలకే చేతులు లాగేస్తాయి, తేలిక అనుకోకండి. రక్తం ఆపడం, మెడకు కాలర్ వేసి వెన్ను కదలకుండా స్ట్రెచర్ ఎక్కించడం, దారిలో కాన్పు, పాము కాటు... ఇవన్నీ ఉంటాయి. పదిమంది పడి ఉంటే ముందు ఎవరిని తీసుకెళ్లాలో తేల్చడం అన్నిటికన్నా కష్టమైన పాఠం. 108 కేంద్రంలో డాక్టరు ఫోన్‌లో ఉంటారు, వారిని అడిగి చికిత్స చేయాలి.

ఏం చదివి ఉండాలి?

ఇక్కడే చాలామంది మోసపోతున్నారు. 108లో ఈఎంటీ పోస్టుకు సాధారణంగా బీఎస్సీ లైఫ్ సైన్సెస్, నర్సింగ్, ఫార్మసీ లాంటి చదువు అడుగుతారు. ఇంటర్ సైన్స్‌తో చేసే బేసిక్ కోర్సుకు ప్రైవేటు ఆసుపత్రుల అంబులెన్సుల్లో పని దొరకొచ్చు గానీ, 108 ఉద్యోగం గ్యారంటీ కాదు. "డబ్బు కట్టు, 108లో పెట్టిస్తా" అనేవాళ్లకు పైసా ఇవ్వకండి.

ఉచితంగా నేర్చుకునే దారి

గ్రామీణ పేద యువతకు దీన్‌దయాళ్ ఉపాధ్యాయ గ్రామీణ కౌశల్య యోజన కింద శిక్షణ, వసతి, భోజనం ఉచితం. వయసు 15 నుంచి 35, మహిళలకు 45 వరకు. ఈఎంటీ కోర్సు ప్రతి బ్యాచ్‌లో ఉండదు. అందుకే మండల ఐకేపీ ఆఫీసుకెళ్లి "ఇప్పుడు ఏ కోర్సులు నడుస్తున్నాయి, సర్టిఫికెట్ ఎవరిస్తారు, అంబులెన్సులో ప్రాక్టికల్ ఎన్ని రోజులు?" అని అడగండి. మూడో ప్రశ్నకు సరైన జవాబు రాకపోతే ఆ కోర్సులో చేరకండి.

ఆధార్, రేషన్ కార్డు, మార్కుల మెమోల జిరాక్సులు పట్టుకెళ్లండి. 12 గంటల షిఫ్టులు, రాత్రి డ్యూటీలు ఉంటాయి, ఇంట్లో ముందే చెప్పుకోండి.