వీడియో గేము పెట్టెకు కిటికీలు, దీపాలు

ఈసారి సైన్సు పాఠం రాసే వంతు నాది.

మా మామ కొమరోలులో రేడియోలు, ఫ్యాన్లు బాగుచేసే కొట్లో పని చేస్తాడు. వేసవి సెలవుల్లో తమ్మునికి ఒక పాత వీడియో గేము ఇచ్చినాడు. టీవీకి తగిలించి ఆడేది. 1983లో జపానులో నింటెండో కంపెనీ ఫ్యామికామ్ అనే గేము పెట్టెను తెచ్చింది. దాన్ని చూసి చేసిన నకలు పెట్టెలు 1990లలో మన దేశంలో బాగా అమ్ముడుపోయినాయి. ఇదీ అట్లాంటిదే. పాడైతే మా ఇంట్లో ఇంకొకటి కొనేది లేదు. తమ్ముడేమో దాని మీద పులిబొమ్మ కోసి లోపల లైట్లు పెట్టమని నా వెంట పడినాడు.

ముందు వైరు పీకి, మరలు విప్పి, లోపలి బోర్డు తీసి పక్కన పెట్టినాం. గోడకు పెట్టే అడాప్టరును మాత్రం విప్పగూడదు, దాంట్లోకి 230 వోల్టులు వస్తాయి.

తమ్ముడు పులిబొమ్మ కింద "పులి" అని రాసి కొయ్యమన్నాడు. కాగితం మీద కోసి చూస్తే అక్షరాల మధ్య ముక్కలు రాలిపోయినాయి! మన అక్షరాలన్నీ గుండ్రం కదా. సున్నా కొయ్యాలంటే మధ్యలో సన్నని వంతెనలు వదలాల. తోలుబొమ్మలు చేసేవాళ్లు కూడా చిల్లుల మధ్య తోలు వదిలే కొడతారు. అందుకే అక్షరాలు మానేసి పులి చారలు, కళ్లు మాత్రమే కోసినాం. మొదట కాల్చిన మేకుతో పొడిస్తే కంపు పొగ వచ్చి, అంచు బొడిపె కట్టింది. తర్వాత గీత వెంబడి చిన్న చిన్న బెజ్జాలు వేసి, కలిపి, ఆకురాయితో రుద్దితే నున్నగా వచ్చింది. లోపల పల్చని నూనె కాగితం అంటించినాం. అది లేకపోతే బల్బు చుక్కలాగా కనబడుతుంది, చార వెలగదు.

ఇక లైట్లు. నేను తొందరపడి ఎర్ర ఎల్.ఇ.డి. బల్బును నేరుగా 5 వోల్టులకు కలిపినాను. ఒక్కసారి మెరిసి పోయింది. గేమే పోయిందనుకొని తమ్ముడు ఒకటే ఏడుపు. నా చేతులు కూడా వణికినాయి.

మామ వచ్చి చూసి, "ఒక్కోదానికి 220 రెసిస్టరు వెయ్యాల" అన్నాడు. ఎందుకు మామా అంటే, "మా మేస్త్రి అట్లనే చెప్పినాడు" అన్నాడు. మామ ఐదో తరగతి దాకే చదివినాడు. పదో తరగతి అక్క ఇచ్చిన పుస్తకంలో ఓమ్ సూత్రం ఉంది. అట్టముక్క మీద లెక్క వేసినాను. వచ్చేది 5 వోల్టులు. ఎర్ర బల్బు దగ్గర దగ్గర 2 తీసుకుంటుంది. మిగిలింది 3. బల్బులో 15 మిల్లీ ఆంపియర్లు, అంటే 0.015 ఆంపియర్లు పారాలనుకుంటే, 3 ని 0.015 తో భాగించాల. 200 ఓములు వచ్చింది. అంగట్లో దొరికే దగ్గరి పెద్దది 220. దాని రంగులు ఎరుపు, ఎరుపు, గోధుమ. మామ ఆ అట్టముక్కను చాలాసేపు చూసినాడు. ఇంకోసారి చెప్పమన్నాడు, చెప్పినాను. అట్టను చొక్కా జేబులో పెట్టుకొని పోయినాడు.

ఒక మాట మరిచినాను. బల్బు పొడుగు కాలు ప్లస్సు.

లోపల రెగ్యులేటరు అని మూడు కాళ్లది ఉంటుంది. మా పెట్టెలో అదే అడాప్టరు 9 వోల్టులను 5 చేస్తుంది, మిగతాది వేడి అవుతుంది. మనం లైట్లు కలిపితే ఇంకా వేడెక్కుతుంది. పులిచారలకు కాగితం మూసినాం కాబట్టి గాలి ఆడదు. అందుకని రెగ్యులేటరు పైన కొన్ని, పెట్టె అడుగున కొన్ని బెజ్జాలు విడిగా వేసినాం. వేడిగాలి పైకి పోతే చల్లగాలి కిందనుంచి వస్తుంది. తర్వాత గంటసేపు ఆడి చేయి పెట్టి చూస్తే గోరువెచ్చగా ఉంది, అంతే.

పులికి ఒక కన్ను మాత్రం ఇంకా వెలగలేదు. నేను కాల్చిన బల్బుకు బదులు దసరా సెలవుల్లో తేవాల.

– 9వ తరగతి విద్యార్థిని