ఒకే మాట – ఐదు పనులు

హాస్టల్ స్టడీ అవర్లో 'బుక్ అంటే పుస్తకం' అని మేమూ మీలాగే బట్టీ పట్టాం. తర్వాత ఒక పోటీ పరీక్షలో 'ప్లీజ్ బుక్ ఎ టికెట్' అన్న వాక్యమిచ్చి, బుక్ ఏ భాషాభాగమని అడిగారు. నామవాచకమని రాసి మార్కు పోగొట్టుకున్నాం. అక్కడ అది క్రియ!

ఇంగ్లీషు మాటకు పుట్టుకతో వచ్చిన పదవి లేదు. వాక్యంలో చేసే పనిని బట్టే దాని పేరు. 'రౌండ్' చూడండి.

1. నామవాచకం: హి వన్ ద ఫస్ట్ రౌండ్ – మొదటి రౌండు గెలిచాడు.
2. విశేషణం: ఎ రౌండ్ టేబుల్ – గుండ్రని బల్ల.
3. క్రియ: ద బస్ రౌండెడ్ ద కార్నర్ – బస్సు మలుపు తిరిగింది.
4. క్రియా విశేషణం: షి టర్న్‌డ్ రౌండ్ – ఆమె వెనక్కి తిరిగింది.
5. ప్రిపోజిషన్: వుయ్ శాట్ రౌండ్ ద టేబుల్ – బల్ల చుట్టూ కూర్చున్నాం.

తెలుగులో 'తోటకు', 'తోటలో' అని ప్రత్యయమే పనిని చెబుతుంది. పాత ఇంగ్లీషులోనూ ఇలాంటి ప్రత్యయాలుండేవి. 1100–1500 మధ్య చాలావరకు రాలిపోయాయి. అందుకే ఇప్పుడు మాట ఉన్న చోటే మనకు ఆధారం.

కాబట్టి కొత్త మాటను ఒంటరిగా కాక, వాక్యంతో కలిపి నోట్సులో రాసుకోండి. మేము పోగొట్టుకున్న మార్కు మీరు తెచ్చుకోండి.