పేటల ప్రతిష్ఠ – మన నగరము నేర్పు పాఠము

గత విద్యాసంవత్సర ప్రారంభమున మేము రిజిస్టరులో విద్యార్థుల చిరునామాలు వ్రాసికొనుచుండగా, ఒక బాలుడు తాను నివసించు బస్తీ పేరునకు బదులు దాని ప్రక్కనున్న కాలనీ పేరు చెప్పెను. బడినుండి పంపిన ఉత్తరము చేరక తిరిగివచ్చినప్పుడు నిజము బయటపడెను. కారణమడుగగా, "మా బస్తీ పేరు చెప్తే స్నేహితులెవరూ మా ఇంటికి రారు సార్" అని తలవంచుకొనెను.

ఒక పేరునకు ఇంత బలము ఎచ్చటనుండి వచ్చినది? ఒక పేట గొప్పదనియు, మరియొకటి తక్కువదనియు నిర్ణయించునదేమి? ఆ నిర్ణయము శాశ్వతమా? ఈ ప్రశ్నలకు మన హైదరాబాదు నగర చరిత్రయే సమాధానము చెప్పగలదు. కావున దానిని ఇచ్చట ఒక పాఠముగా వివరించుచున్నాము.

మొదట మాటనే పరిశీలింతము. కోస్తా జిల్లాలలోని పెద్దలకు "బస్తీ" యనగా పట్టణము. పల్లెవాడు బస్తీకి పోయి వచ్చెననిన గొప్పగా చెప్పుకొనెడివారు. హైదరాబాదులోనో, అదే మాటకు బీదలు నివసించు వాడయను అర్థము స్థిరపడినది. స్థలమునుబట్టి మాట విలువ మారినట్లే, కాలమునుబట్టి స్థలము విలువయు మారును.

1. నీరు, ఆరోగ్యము

1591వ సంవత్సరమున మహమ్మద్ కులీ కుతుబ్‌షా మూసీనదికి దక్షిణపు ఒడ్డున ఈ నగరమును స్థాపించెను. చార్మినారు పరిసరములు చిరకాలము గౌరవస్థానములై యుండెను. ప్రభువులును, జాగీర్దారులును అచ్చట విశాలమైన దేవిడీలు కట్టుకొనిరి. పిమ్మట రెండు విపత్తులు సంభవించెను. 1908 సెప్టెంబరు 28వ తేదీన మూసీ పొంగి, వేలకొలది ఇండ్లను కూల్చి, సుమారు 15,000 మందిని పొట్టన పెట్టుకొనెను. 1911లో ప్లేగు వ్యాధి వ్యాపించెను. గాలివెలుతురులు చొరని ఇరుకు సందులలో నివసించుట ప్రమాదకరమని జనులకు అప్పుడు తెలిసివచ్చెను.

1912లో సిటీ ఇంప్రూవ్‌మెంటు బోర్డు అను సంస్థ ఏర్పడి, వీధులు వెడల్పుచేయుటకును, మురుగుకాలువలు కట్టుటకును, మలక్‌పేట మున్నగు చోట్ల క్రొత్త ఇండ్లు నిర్మించుటకును పూనుకొనెను. వరదల నివారణకై మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు ఇచ్చిన సలహాను అనుసరించి 1920లో ఉస్మాన్‌సాగరు, 1927లో హిమాయత్‌సాగరు పూర్తియయ్యెను. ఆ జలాశయములు వరదను అరికట్టుటయే గాక నగరమునకు త్రాగునీటి నొసగెను. మంచినీటి గొట్టము ఏ దిక్కునకు సాగునో ఆ దిక్కునకు ఇండ్లు సాగును. పేటల చరిత్రలో ఇది మొదటి సూత్రము.

2. పెద్దలు, రైలు, విద్య

1911లో సింహాసనమెక్కిన మీర్ ఉస్మాన్ అలీఖాన్ పాతనగరములోని చౌమహల్లా రాజప్రాసాదమున గాక, నదికి ఉత్తరముననున్న కింగ్‌కోఠీయందు నివసించెను. ప్రభువున్న దిక్కునకు ఉద్యోగులును, వర్తకులును మరలుట సహజమే గదా! నాంపల్లి రైలుస్టేషను 1907లోను, కాచీగూడ స్టేషను 1916లోను ఏర్పడెను. 1939లో ఉస్మానియా విశ్వవిద్యాలయపు ఆర్ట్సు కళాశాల భవనము ప్రారంభమైన పిదప ఆ పరిసరములలో ఉపాధ్యాయులు, గుమాస్తాలు, విద్యార్థులు నివసింపసాగిరి. ఒక పేటకు మంచిపేరు వచ్చుటకు అచ్చటి మన్ను కారణము కాదు. దానికి దగ్గరగా ఏర్పడిన స్టేషను, కళాశాల, కచ్చేరీ, ఆసుపత్రి మున్నగునవి కారణములు.

3. రాళ్ళకు వచ్చిన విలువ

నేడు ధనవంతుల నివాసముగా పేరొందిన బంజారాహిల్సు ఒకప్పుడు నీరులేని రాతిగుట్టలు. అచ్చట నివసించిన బంజారాలవలననే దానికి ఆ పేరు కలిగెను. 1930 ప్రాంతమున మెహదీ నవాజ్ జంగ్ అను ఉన్నతోద్యోగి ఆ రాళ్ళనడుమ ఇల్లు కట్టుకొనెను. క్రమముగా ఇతరులు ఆయన మార్గము ననుసరించిరి. 1960 తరువాత దాని సరసనే జూబిలీహిల్సు వెలసెను. 1998 నవంబరులో మాధాపురమున సైబర్‌టవర్సు భవనము ప్రారంభము కాగా, మాధాపురము, కొండాపురము, గచ్చిబౌలి అను గ్రామములు కొలది సంవత్సరములలోనే మహానగరములో కలిసిపోయెను. 2023 ఆగస్టులో కోకాపేటలో ప్రభుత్వ భూమిని వేలము వేయగా, ఒక ఎకరము 100 కోట్ల రూపాయలకు మించిన ధర పలికెను. రాయి మారలేదు, దాని చెంతకు రోడ్డును, ఉద్యోగమును వచ్చినవి.

4. ముసలివగు పేటలు

పేటలకును బాల్య యౌవన వార్ధక్యములు కలవు. 1949లో జాగీర్దారీ పద్ధతి రద్దయిన పిమ్మట దేవిడీల యజమానులకు రాబడి తగ్గెను. వారసులు పంచుకొనిరి, కొందరు అమ్ముకొనిరి. ఏనుగు ప్రవేశింపదగిన ద్వారములున్నచోట దుకాణముల వరుసలు లేచెను. తోటలతో నిండిన బంగళాలు గల హిమాయత్‌నగరు, దోమల్‌గూడలకును తరువాత ఇట్టి గతియే పట్టెను. తండ్రి కట్టిన ఇల్లు నలుగురు కుమారులకు చాలదు. వారు దానిని బిల్డరుచేతికిచ్చి, అతడు కట్టిన అంతస్తులలో తమ వంతు తీసుకొందురు. ఒక కుటుంబమున్నచోట ఇరువది కుటుంబములు చేరును; నూయి ఎండును; వీధిలో బండి నిలుపుటకు చోటుండదు. అప్పుడు నెమ్మది కోరువారు మరింత దూరమునకు పోవుదురు. వారు పోయినచోట మరల ఈ కథయే మొదలగును.

అయినను "మంచి పేట" యనునది అందరికిని ఒక్కటి కాదు. బేగంబజారు వర్తకునికి దుకాణముమీది గదియే స్వర్గము. లాడ్‌బజారులో గాజులు చేయువారికి చుట్టములు, పనివారు, కొనుగోలుదారులు అందరును అడుగుల దూరములో నుందురు. వారిని దూరపు ఉద్యానవనములో నిలిపినచో బ్రతుకుతెరువు పోవును.

5. లాభము, నష్టము

పేట విలువ పెరిగినప్పుడు ఇల్లుగలవాడు సంతోషించును, అద్దెకుండువాడు భయపడును. ఒకనికి వరమైనదే మరియొకనికి మూట కట్టుకొనుమను ఆజ్ఞయగును. ఇండ్లలో పనిచేయు స్త్రీలును, తాపీపనివారును, వాచ్‌మెన్లును లేక ఏ గొప్పపేటయు ఒక దినమైన గడవదు. అయినను వారు ఆ పేటలో నివసించుటకు అద్దె చెల్లింపజాలరు.

రెండవ నష్టము చెరువులది. మాసాబ్‌ట్యాంకు అను పేరులో ట్యాంకు మిగిలినదిగాని నేలమీద చెరువు లేదు. చౌకగా దొరికినదని చెరువు గర్భములో స్థలము కొన్నవారు వర్షాకాలమున ఫలితమనుభవింతురు. 2020 అక్టోబరులో కురిసిన కుండపోత వర్షములకు నగరములోని అనేక కాలనీలు నీటమునిగెను. నీరు తన పాత త్రోవను మరువదు. 1908లో మూసీ నేర్పిన పాఠమును మనము మరచితిమి.

ముగింపు

పేట ప్రతిష్ఠ అనునది మనుష్యులు కల్పించినది. నీరు, రోడ్డు, బడి, ఉద్యోగము వచ్చినచో పెరుగును; అవి తప్పినచో తరుగును. ఆ పేటలో పుట్టిన పిల్లవాని తెలివికిగాని, నీతికిగాని దానితో ఏ సంబంధమును లేదు. ఈ మాట విద్యార్థులకు మాత్రమే గాదు. చిరునామా చూచి, ఈ బాలుడు చదువునా, చదువడా యని లోలోపల అంచనా వేసిన దినములు మాకును కలవు. అందులకు సిగ్గుపడుచున్నాము.

ఆ బాలునితో మేము, "మీ బస్తీ ఎట్లు పుట్టినదో మీ తాతగారిని అడిగి వ్రాసికొని రమ్ము" అంటిమి. వాడు తెచ్చిన రెండు పుటలలో ఇట్లున్నది: ప్రక్క కాలనీలోని మేడలకు పునాదిరాళ్ళు కొట్టుటకై వచ్చిన వడ్డెరవారు పని ముగియువరకు వేసికొన్న గుడిసెలే ఆ బస్తీ. అనగా కాలనీకంటె బస్తీయే పెద్దది! ఆ పుటలను తరగతిలో చదివించితిమి. మరునాడు వాడు తానే వచ్చి రిజిస్టరులోని చిరునామాను దిద్దించుకొనెను.

విద్యార్థులారా! ఈ వేసవి సెలవులలో మీరందరును ఇట్లే చేయుడు. మీ వీధిలో అందరికంటె వృద్ధులైనవారిని సమీపించి ఈ అయిదు ప్రశ్నలు అడుగుడు. మీరు వచ్చినప్పుడు ఇచ్చట ఏమి యుండెను – పొలమా, చెరువా, గుట్టయా? నీరు ఎచ్చటనుండి తెచ్చుకొనెడివారు? మొదటి బస్సు ఎప్పుడు వచ్చినది? ఆనాటి అద్దె యెంత? ఇచ్చటినుండి వెడలిపోయినవారెవరు, ఏల పోయిరి? చివరి ప్రశ్నను మాత్రము విడువవలదు. తల్లిదండ్రులును ఇందు పిల్లలకు తోడ్పడుదురుగాక. జూనులో బడి తెరచినప్పుడు మీ పుస్తకములకై మేము ఎదురుచూచుచుందుము.